పని చోట రసాయనాల ముప్పు: అంచనా వేయడం, మళ్లీ మళ్లీ సరిచూడడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం చిన్న యూనిట్ల కోసం

జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. పలాస, కాశీబుగ్గ షెడ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు. కానీ ఆ నూనె ఏ పని దగ్గర, ఎవరి చేతికి, రోజుకు ఎన్ని గంటలు అంటుతోందో కాగితం మీద పెట్టమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. పెద్ద కంపెనీల్లో ఇందుకు సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు. ముప్ఫై నలభై మంది పనిచేసే షెడ్డులో ఆ పని యజమానో, సూపర్వైజరో చేసుకోవాలి. ఈ మార్గదర్శి వాళ్ల కోసమే. ఉదాహరణలు ఎక్కువగా జీడి షెడ్డు నుంచే తీసుకుంటాను. టెక్కలి గ్రానైట్ కటింగ్, గరివిడి ఫెర్రో అల్లాయ్స్, రాజాం జ్యూట్ మిల్లు, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలలో చేసే కాంట్రాక్టు పనులకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. ఆఫీసు గదిలో కూర్చుని, ఇంకో కంపెనీ ఫైలు చూసి నింపిన ఫారం వల్ల ఏ కార్మికురాలి చేతికీ రక్షణ దొరకదు. ముప్పు అంచనా పని జరిగే చోట, పని జరుగుతున్న టైములో, ఆ పని చేసేవాళ్ల పక్కన నిలబడి చేయాల్సింది.

మొదటి అడుగు: ఎవరు తిరగాలి, ఎవరిని అడగాలి

కనీసం ఇద్దరు తిరగాలి. ఒకరు సూపర్వైజర్, రెండోవారు ఆ పని చాలా ఏళ్లుగా చేస్తున్న కార్మికురాలు. ఆమె వెంట లేకపోతే సగం సంగతులు బయటికి రావు. కటింగ్ బల్ల దగ్గర ఒక అమ్మను "చేతులు మండవా?" అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "మండతాయి బాబూ, అలవాటైపోనాది, ఏటి సేస్తాం." ఈ మాట వినపడితే చాలు, అక్కడ ఆగి రాసుకోండి. అలవాటైపోయిందని అంటున్నారంటే హాని రోజూ జరుగుతోందనే అర్థం.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇబ్బంది ఏమైనా ఉందా?" అంటే ఉద్యోగం పోతుందన్న భయంతో లేదనేస్తారు. "సాయంత్రం ఇంటికెళ్లాక చేతులకు ఏం రాస్తున్నావమ్మా?", "ఏ పని ఇస్తే తప్పించుకోవాలనిపిస్తుంది?", "మిషను ఆగినప్పుడు లోపల చెయ్యి పెట్టి తీసేది ఎవరు?" అని అడగండి. ఇలాంటి ప్రశ్నలకు నిజం బయటికొస్తుంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన కూలీలు ఉంటే వాళ్ల భాష వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

రెండో అడుగు: ఏమేం ఉన్నాయో జాబితా

కొనుగోలు బిల్లులతో మొదలుపెట్టండి. బాయిలర్ నీటిలో కలిపేవి, మిషన్ గ్రీజు, పురుగు మందులు, బ్లీచింగ్ పౌడర్, బాత్రూం యాసిడ్, పెయింటు, థిన్నర్ లాంటివన్నీ అందులో దొరుకుతాయి. బిల్లుల్లో దొరకనివి రెండు రకాలున్నాయి. అసలు ముప్పు చాలాసార్లు వాటిలోనే ఉంటుంది.

ఒకటి, పనిలో పుట్టేవి. జీడిపిక్కను కోసినప్పుడు చిమ్మే తొక్కనూనె, తొక్కల్ని పొయ్యిలో కాల్చినప్పుడు లేచే ఘాటు పొగ, పప్పు మీది పొర తీసేటప్పుడు రేగే దుమ్ము ఇలాంటివే. గ్రానైట్ రాయిని కోస్తే సిలికా దుమ్ము. ఫెర్రో ఫర్నేసు దగ్గర మాంగనీసు పొగ. వీటికి బిల్లు ఉండదు, లేబుల్ ఉండదు.

రెండోది, పేరు లేని సీసాలు, డబ్బాలు, ఖాళీ డ్రమ్ములు. కూల్ డ్రింక్ సీసాలో పోసిన యాసిడ్ కనిపిస్తే జాబితా రాయడం ఆపి ముందు దాన్ని అక్కడి నుంచి తీయించండి. ఖాళీ రసాయన డ్రమ్మును తాగే నీళ్లకు వాడడం, లోపల ఏముండేదో తెలియకుండా గ్యాస్ కట్టర్‌తో కోయడం మన ప్రాంతంలో మామూలు పనుల్లా చూస్తారు. సాల్వెంట్ (థిన్నర్ లాంటి, ఇట్టే ఆవిరయ్యే ద్రావకం) ఉండిన డ్రమ్ములో మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే డ్రమ్ము పేలుతుంది. ఖాళీ డ్రమ్ము కూడా జాబితాలో ఉండాల్సిందే.

మూడో అడుగు: సేఫ్టీ డేటా షీట్ చదవడం

రసాయనం అమ్మినవాళ్లను సేఫ్టీ డేటా షీట్ అడగండి. అందులో 16 విభాగాలుంటాయి. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. రెండోదాంట్లో హాని ఏమిటో, నాలుగోదాంట్లో ప్రథమ చికిత్స, ఏడులో వాడకం, నిల్వ, ఎనిమిదిలో గాలిలో ఉండదగిన పరిమితి, ఏ గ్లవ్స్, ఏ మాస్కు అన్నదీ, పదిలో దేనితో కలిస్తే ప్రమాదమో ఉంటుంది. ఈ అయిదూ కుదురుగా చదివి, అందులోంచి నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పని చోట అంటించండి. ఒడియా చదివేవాళ్లుంటే ఒడియాలో కూడా. ఇంగ్లీషు షీటును ఫైల్లో దాచేస్తే చట్టం అడిగింది తీరినట్టు ఉంటుందేమో గానీ చెయ్యి కాలిన మనిషికి అది అందదు.

పదో విభాగం ఎందుకు ముఖ్యమో ఒక చిన్న ఉదాహరణ. బ్లీచింగ్ పౌడర్ మీద బాత్రూం యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. రెండూ ఒకే అల్మరాలో, ఒకే పనమ్మాయి చేతిలో ఉంటాయి.

నాలుగో అడుగు: మనిషి ఒంట్లోకి ఎలా చేరుతోంది

విషం ఉండడం వేరు, అది మనిషిని చేరడం వేరు. మూత బిగించి తాళం వేసిన డ్రమ్ములో ఉన్న ఘాటైన రసాయనం కంటే, రోజంతా వేళ్లకు అంటుకునే మోస్తరు రసాయనం వల్ల ఎక్కువ హాని జరగొచ్చు. అందుకే ప్రతి పనికీ విడిగా చూడండి. ఊపిరితో వెళ్తోందా, చర్మానికి అంటుతోందా, అన్నం తినేటప్పుడు చేతుల నుంచి నోట్లోకి పోతోందా, కళ్లలో పడుతోందా? ఎంత సేపు? రోజుకు ఎన్నిసార్లు? ఎంతమందికి?

జీడి షెడ్డును ఈ కళ్లతో చూద్దాం. తొక్కనూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్, కార్డనాల్ ఉంటాయి. నల్లజీడి, మామిడి సొన కుటుంబానిదే ఇదీ. తగిలిన వెంటనే కొందరికి ఏమీ అనిపించదు. ఒకటి రెండు రోజుల తర్వాత బొబ్బలు, దురద వస్తాయి. అందుకే ఎవరూ దాన్ని ఆ రోజు చేసిన పనితో కలిపి చూడరు. ఒకసారి అలర్జీ మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా పొక్కుతుంది.

పాత పద్ధతిలో పిక్కల్ని డ్రమ్ములో వేయించేవారు. నూనె చాలావరకు కాలిపోయేది, కానీ ఆ పొగ కళ్లనూ గొంతునూ మండించేది. ఇప్పుడు ఆవిరి పట్టి, ఆరబెట్టి, మిషనుతో కోస్తున్నారు. పొగ తగ్గింది, నిజంగా మంచి మార్పే. అయితే నూనె తొక్కలోనే మిగిలిపోయి కోసేవాళ్ల చేతికి చేరుతోంది. ఊపిరితిత్తుల దగ్గరున్న ముప్పు వేళ్ల దగ్గరికి జరిగింది. పాత అంచనా కాగితంలో "రోస్టింగ్ పొగ" అని మాత్రమే రాసి ఉంటే ఆ కాగితం ఈరోజు పనికి సంబంధించింది కాదు.

ఇక గోదాం. జీడి షెడ్లలో అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. ముడి పిక్కలకు, పప్పుకు పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. గాలిలోని తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ గ్యాస్ వదులుతాయి. మూడు గ్రాముల బిళ్ల ఒకటి సుమారు ఒక గ్రాము గ్యాస్ ఇస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసననో, కుళ్లిన చేప వాసననో వస్తుందంటారు కానీ వాసన రాలేదని లోపలికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే. గోడ పగుళ్ల గుండా, తలుపు సందుల గుండా పక్క గదిలోకి వెళ్లగలదు. గోదాం పక్కనే కాపలాదారు కుటుంబం పడుకునే గది ఉంటే, మీ అంచనాలో మొట్టమొదట రాయాల్సింది ఆ గది గురించే. ఈ బిళ్లలు పెట్టే పని శిక్షణ, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే చేయాలి. మేస్త్రి చేతికి డబ్బా ఇచ్చి "నాలుగు బస్తాల మధ్య పడేయ్" అనే పద్ధతి ఈరోజే ఆపండి.

మామూలు షిఫ్టులో కనపడనివాళ్లను మరవకండి. బాయిలర్ బూడిద ఎత్తేవాళ్లు, రాత్రి ఊడ్చేవాళ్లు, లోడింగ్ కూలీలు, మిషను బాగుచేసే మెకానిక్, నూనె అంటిన బట్టలు ఇంట్లో ఉతికే మనిషి. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఎవరో అడిగి, వాళ్ల పని మార్చాలా అని చూడండి. ఉద్దానం నుంచి వచ్చే కార్మికుల విషయంలో మరో జాగ్రత్త ఉంది. అక్కడి కిడ్నీ జబ్బు అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ కిడ్నీ బలహీనంగా ఉన్న మనిషిని బాయిలర్ వేడిలో నీళ్లు, విరామం లేకుండా నిలబెట్టకూడదని తెలుసుకోవడానికి ఆ కారణం తేలేదాకా ఆగక్కర్లేదు.

అయిదో అడుగు: ఏది ముందు?

అంకెలు వేసి గుణించే పట్టికలు చాలా ఉన్నాయి. చిన్న యూనిట్‌కు మూడు వరసలు చాలని నా అభిప్రాయం. ప్రాణం తీసేవి, తిరిగి బాగుపడని జబ్బు తెచ్చేవి మొదటి వరస. వీటికి "ఎప్పుడో గానీ జరగదు" అనే సాకు వద్దు. ఫాస్ఫీన్, ట్యాంకుల్లోకి దిగడం, సిలికా దుమ్ము ఇందులోకి వస్తాయి. చికిత్సతో తగ్గేవే అయినా రోజూ జరిగేవి రెండో వరస. కటింగ్ చేసేవాళ్ల చేతి బొబ్బలు ఇక్కడ. మిగతావి మూడో వరస.

మొదటి వరసలో ఏదైనా అదుపు లేకుండా కనిపిస్తే కాగితం పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ పని ఆపేయండి.

ఆరో అడుగు: గాలిలో ఎంత ఉంది?

కళ్లకు కనపడే దుమ్ము ముక్కులోనే చాలావరకు ఆగుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు చేరే సన్న దుమ్ము మామూలు వెలుతురులో కనపడదు. చీకటిలో శక్తివంతమైన టార్చి వేసి, పక్క నుంచి ఆ వెలుగు వైపు చూస్తే అది కదులుతూ కనిపిస్తుంది. ఖర్చు లేని పరీక్ష. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పని చేస్తోందా అన్నది అగరుబత్తి పొగతో చూడొచ్చు. పొగ ఫ్యాన్ వైపు తిన్నగా వెళ్లాలి. మనిషి ముఖం మీదుగా వెళ్తే ఆ ఫ్యాన్ ఉండీ హాని చేస్తోంది. సాల్వెంట్లు, పెయింటు, మండే ఆవిరి ఉన్న చోట మాత్రం అగరుబత్తి ముట్టించకండి.

అసలు కొలత కావాలంటే ల్యాబు వాళ్లను పిలవాలి. వాళ్లు కార్మికుడి కాలరుకు చిన్న పంపు తగిలించి షిఫ్టంతా గాలిని సేకరిస్తారు. గది మూలన పెట్టిన మిషను అంకె కంటే ఆ మనిషి ముక్కు దగ్గరి అంకె ముఖ్యం. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు చాలా రసాయనాలకు ఎనిమిది గంటల సగటు పరిమితి, పదిహేను నిమిషాల పరిమితి ఇచ్చింది. అమ్మోనియాకు 25, 35 పీపీఎం. ఫాస్ఫీన్‌కు 0.3, 1 పీపీఎం. పీపీఎం అంటే గాలిలో పది లక్షల భాగాల్లో ఒక భాగం. పన్నెండు గంటల షిఫ్టు నడిపేవాళ్లు ఈ ఎనిమిది గంటల అంకెను అలాగే వాడకూడదు. పీల్చే సమయం పెరిగింది, ఒళ్లు కోలుకునే సమయం తగ్గింది కాబట్టి పరిమితిని ఇంకా కిందికి దించుకోవాలి.

సిలికాకు అదే షెడ్యూలులో ఒక లెక్క ఉంది. దుమ్ములో క్వార్ట్జ్ (రాళ్లలో ఉండే సిలికా) శాతానికి రెండు కలిపి, ఆ మొత్తంతో పదిని భాగించాలి. వచ్చేది ఘనపు మీటరు గాలిలో ఉండదగిన సన్న దుమ్ము, మిల్లీగ్రాముల్లో. క్వార్ట్జ్ 30 శాతం అయితే సుమారు 0.31 మిల్లీగ్రాములే. నీళ్లు లేకుండా రాయి కోసే చోట ఈ పరిమితిలో ఉండడం దాదాపు కుదరని పని. సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వచ్చాక తగ్గదు. అందుకే తడి కోత విషయంలో బేరాలు వద్దంటాను.

ఏడో అడుగు: అదుపు చేయడం

చాలామంది ముందు మాస్కులు, గ్లవ్స్ కొంటారు. వాటిని చివరికి పెట్టండి. మొదట ఆ పదార్థం లేకుండా పని జరుగుతుందా అని చూడాలి. తర్వాత తక్కువ హాని ఉన్నదానితో మార్చడం. తర్వాత మిషనుకు మూత, పొగ పుట్టే చోటే లాగేసే ఏర్పాటు, దుమ్ముకు నీళ్లు. ఆ తర్వాత పని పద్ధతి: ఒకే మనిషి రోజంతా కోయకుండా మార్చి మార్చి వేయడం, పొర తీసే గదిని చీపురుతో ఊడ్చే బదులు వాక్యూమ్‌తో తీయడం, తినే చోటు వేరుగా ఉంచడం. ఇవన్నీ చేశాక మిగిలిన ముప్పుకు గ్లవ్స్, మాస్కు.

గ్లవ్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. నూలు గ్లవ్స్ నూనెను పీల్చి రోజంతా చర్మానికి ఒత్తి ఉంచుతాయి. ఒట్టి చేతి కంటే అవే ఎక్కువ హాని. సన్నటి రబ్బరు గ్లవ్స్ నూనెకు ఎక్కువసేపు ఆగవు. నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు, నైట్రైల్ మేలు. వేలికి పట్టు దొరకక కోయడం నెమ్మదిస్తుందని పీసు లెక్కన పనిచేసేవాళ్లు వాటిని తీసేస్తారు. ఆ తప్పు వాళ్లది కాదు. కూలి రేటును అలా కట్టినవాళ్లది. నాలుగైదు రకాలు, సైజులు తెచ్చి వాళ్లకే ఇచ్చి పరీక్షించమనండి, గ్లవ్స్‌తో అయ్యే పనిని బట్టి రేటు సవరించండి. చేతులు కడగడానికి సబ్బు, ధారాళంగా నీళ్లు కావాలి. కిరోసిన్‌తో రుద్దుకుంటే చర్మం మీది సహజమైన జిడ్డు పోయి నూనె ఇంకా లోపలికి దిగుతుంది.

దుమ్ముకు గుడ్డ మాస్కు పనికిరాదు. ఎన్95 స్థాయి మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. గ్యాసులకు అదీ పనికిరాదు.

మురుగు ట్యాంకులు, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) సంపులు, పెద్ద తొట్లకు ఒకే నియమం: గాలిని మీటరుతో పరీక్షించకుండా, పైన మనిషి, తాడు లేకుండా ఎవరూ దిగకూడదు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, కానీ సుమారు 100 పీపీఎం దగ్గర ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందనుకుని దిగినవాళ్లూ, వాళ్లను తీయడానికి దిగినవాళ్లూ కలిసి చనిపోయిన ఘటనలు దేశమంతా ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: రాయడం, చెప్పడం

ఒక పనికి ఒక పేజీ చాలు. ఉదాహరణకు ఇలా: "పని: పిక్కలు కోయడం. పదార్థం: తొక్కనూనె. ఎవరికి: కటింగ్ బల్లల దగ్గర అందరికీ, తొక్కలు ఎత్తేవాళ్లకు. ఎలా: వేళ్లకు, ముంజేతికి, చిమ్మితే కంట్లోకి. ఇప్పుడున్నది: నూలు గ్లవ్స్, చాలవు. చేయాల్సింది: నైట్రైల్ గ్లవ్స్, మిషను ముందు చిన్న అడ్డుపలక, బల్ల దగ్గరే సబ్బు నీళ్లు. ఎవరు: సూపర్వైజర్. ఎప్పటిలోగా: తేదీ." ఎవరు, ఎప్పటిలోగా అన్న రెండు గడులు ఖాళీగా ఉంటే మిగతా పేజీ రాసినా రాయనట్టే.

రాసింది చదివి వినిపించండి. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు ఆ వివరాలు చెప్పడం యజమాని బాధ్యత చేశారు. ప్రాణాపాయం ఉందనిపిస్తే హెచ్చరించే హక్కు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. మీ యూనిట్‌కు ఏ నిబంధనలు వర్తిస్తాయో ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. మీ షెడ్డు ఆ పరిధిలోకి రాకపోయినా తొక్కనూనె కాల్చడం మానదు కదా.

తొమ్మిదో అడుగు: మళ్లీ చూడడం

ఏడాదికోసారి మొత్తం తిరగేయాలి. కానీ ఏడాది దాకా ఆగకూడని సందర్భాలు చాలా ఉంటాయి. కొత్త మిషను, కొత్త రసాయనం, అమ్మే కంపెనీ మారడం, షిఫ్టు గంటలు పెరగడం, కొత్త బ్యాచి కూలీలు, ఎవరికైనా దెబ్బ లేదా జబ్బు, త్రుటిలో తప్పిన ప్రమాదం, సేఫ్టీ డేటా షీట్ కొత్తది రావడం. ఇందులో ఏది జరిగినా ఆ పనికి సంబంధించిన పేజీ ఆ వారమే తెరవాలి.

మన ఊళ్లలో రుతువు కూడా ఒక కారణమే. వానాకాలంలో షెడ్డు కిటికీలు మూసేస్తారు, దుమ్ము లోపలే తిరుగుతుంది. గోదాంలో పురుగు పెరుగుతుంది కాబట్టి బిళ్లల వాడకమూ పెరుగుతుంది. ఏప్రిల్, మే ఉక్కకు గ్లవ్స్, మాస్కు ఎవరూ ఉంచుకోరు. వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి నడిచి చూడండి. స్థానిక పిక్కలు అయిపోయి ఆఫ్రికా దేశాల సరుకు విశాఖ పోర్టు నుంచి వచ్చినప్పుడు పిక్క సైజు, తేమ మారతాయి. ఆవిరి పట్టే సమయం మార్చాల్సి వస్తుంది, కోతలో నూనె చిమ్మే తీరూ మారుతుంది. అదీ ఒక మార్పే.

ఆరోగ్య పరీక్షల ఫలితాలను విడివిడిగా కాకుండా పని వారీగా పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే బల్ల దగ్గర ముగ్గురికి చేతి పుండ్లుంటే అది ముగ్గురి చర్మం సమస్య కాదు, ఆ బల్ల సమస్య. ఫెర్రో యూనిట్లలో నడక తడబడడం, చేతులు వణకడం కనిపిస్తే వయసు మీద వేసి వదలొద్దు. మాంగనీసు నరాలను దెబ్బ తీస్తుంది, అది ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది చాలారోజులు మూసి మళ్లీ తెరిచేటప్పుడు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి జనావాసాల మీదికి వచ్చింది లాక్‌డౌన్‌లో ఆగిన ప్లాంటు నుంచే. కదలకుండా నిలవున్న ట్యాంకులో వేడి పెరిగి, దాన్ని అదుపులో ఉంచే రసాయనం చాలక చర్య మొదలైంది. ఆగి ఉన్న ప్లాంటులో ముప్పు ఉండదన్న ధీమాకు అంత పెద్ద జవాబు మన పక్కనే దొరికింది.

చిన్న షెడ్డులో కూడా సీజను తర్వాత తెరిచే రోజు ముందు గోదాం. తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి, పెస్ట్ కంట్రోల్ వాళ్లు మీటరుతో చూసి 0.3 పీపీఎం లోపే ఉందని రాసి ఇచ్చాకే కూలీలను లోపలికి పంపాలి. బస్తాల మధ్య మిగిలిన బూడిద రంగు పొడిని ఊడ్చి చెత్తబుట్టలో వేయకూడదు, నీళ్లతో కడగకూడదు. అందులో ఇంకా గ్యాస్ మిగిలి ఉండొచ్చు, పెట్టినవాళ్లే తీసుకెళ్లాలి. తర్వాత బాయిలర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, కళ్లు కడిగే నీళ్ల కొళాయి, లేబుళ్లు చెరిగిపోయిన డబ్బాలు. ఎవరికైనా తల తిరిగినా, వాంతి అయినా వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోను చేయాలి. ఆ మనిషి వెంట ఆసుపత్రికి వెళ్లేవారి చేతిలో సేఫ్టీ డేటా షీట్ జిరాక్సు ఉండాలి. ఆ కాపీని గోదాం తలుపు పక్కన, అందరికీ అందే ఎత్తులో, ప్లాస్టిక్ కవరులో వేలాడదీయండి.